పెరట్లో చీమల పొలిమేర

మా మామ్మ వీధి గుమ్మం ముందు చీమల కోసమని బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది. ఆ చేతులు కడుక్కుని పెరట్లోకి వెళ్లి, అవే చీమల మీద చేటెడు బూడిద చల్లేది. రెండు పనులూ ఒక్క పొద్దుటే. మా కోనసీమ ఇళ్లల్లో దీన్నెవరూ వింతగా చూసేవారు కాదు. వాకిట్లో పిండి మోసుకుపోతే ఇంటికి పుణ్యం, వెనకాల చిక్కుడు పందిరెక్కితే పంటకి చేటు. చీమని చంపి తీరాలన్న పంతం ఎవరికీ లేదు. ఎందాకా రావచ్చు, ఎక్కడ ఆగిపోవాలి అన్న లెక్క మాత్రం పెరడున్న ప్రతి ఇల్లాలికీ ఉండేది. ఆ పొలిమేర గీయడానికి పనికొచ్చినవి దాదాపు అన్నీ మొక్కల నుంచి వచ్చినవే: ఆకు, దుంప, గింజ, గానుగ చెక్క, ఆఖరికి కట్టె కాలగా మిగిలిన బూడిద.

రాజమండ్రిలో ఉద్యోగమంతా డిగ్రీ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పాను. సిలబస్‌లో ఈ సంగతులకి చోటు లేదు. రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటూ పోతే, ఈ పెరటి ఆచారం వెనక చాలా పెద్ద చరిత్రే కనిపించింది. అందులో కొంత వెయ్యేళ్ల పైబడినది. కొంత నాలుగైదు వందల ఏళ్ల కిందట ఓడల్లో దిగింది. ఈ తేడా చూడకుండా అంతా కలిపి ప్రాచీన విజ్ఞానమని దండం పెట్టేస్తే, చేతికందిన ప్రతి కొత్త మొక్కనీ వాడి చూసి పనికొచ్చేదాన్ని నిలుపుకున్న ఆడవాళ్ల తెలివి లెక్కలోకి రాకుండా పోతుంది. అది నాకు కష్టంగా ఉంటుంది.

చీమ తోటలో ఏం చేస్తుందో ముందు చూడాలి. మన పెరట్లో తిరిగే చీమలు ఆకు కొరుక్కు తినేవి కావు. కార్తీకం వెళ్లి మంచు మొదలయ్యేసరికి చిక్కుడు పూతకొస్తుంది. సరిగ్గా అప్పుడే లేత చివుళ్ల మీద, పూల కాడల మీద నల్లగా పేనుబంక పడుతుంది. భూతద్దం పట్టుకుని వంగి చూడండి. పేను మూతిని కాడలోకి దించి కదలకుండా రసం పీలుస్తూ ఉంటుంది. ఆ రసంలో తీపి ఎక్కువ, మాంసకృత్తులు బహు తక్కువ. తనకి కావలసిన పాటి మాంసకృత్తుల కోసం అది అవసరానికి మించి తాగుతుంది, మిగిలిపోయిన తీపిని వెనకనుంచి బొట్టుగా వదిలేస్తుంది. అక్కడికి చీమ వస్తుంది. మీసాలతో పేను వీపు మీద మెల్లగా తడుతుంది. బొట్టు ఊరుతుంది. చీమ దాన్ని తాగేసి పక్క పేను దగ్గరికి నడుస్తుంది. ఆ తీపికి బదులుగా చీమ కాపలా కాస్తుంది. పేనుని తినడానికి అక్షింతల పురుగు వచ్చిందంటే నాలుగైదు చీమలు మీదపడి తరిమేస్తాయి. కాబట్టి చీమని ఆపితే అక్షింతల పురుగుకి దారి దొరుకుతుంది, పేను తగ్గుముఖం పడుతుంది. జామ కొమ్మ మీద పిండినల్లి పట్టినప్పుడూ ఇదే కథ. తాగగా మిగిలిన బంక ఆకుల మీద కారి, దాని మీద నల్లటి మసి తెగులు పడుతుంది.

రెండో నష్టం నారుమడిలో. తోటకూర, వంగ, మిరప గింజలు చల్లిన సాయంత్రానికే చీమలు వరసకట్టి మోసుకుపోతాయి. పొగాకు గింజయితే మరీ నలుసు, గ్రాముకి 10 వేలకు పైనే తూగుతాయి. అంత చిన్న గింజని సమంగా చల్లడానికి ఇసకతోనో బూడిదతోనో కలపడం రైతుకి ఎలాగూ తప్పదు. బూడిదతో కలిపితే చీమ బెడద కూడా తగ్గుతుందని పెద్దవాళ్లు దాన్నే ఎంచుకునేవారు.

చీమలు వాసన బాట మీద నడుస్తాయి. ముందు వెళ్లిన చీమ పొట్ట చివరినుంచి ఒక రసాయనాన్ని నేలకి రాసుకుంటూ పోతుంది, వెనకవి మీసాలతో ఆ వాసన పట్టుకుని వస్తాయి. బూడిద మెత్తటిది. బాటని కప్పేస్తుంది, కాళ్లకి అంటుకుని పట్టు తప్పిస్తుంది. ఘాటు వాసన ఉన్న ఆకో దుంపో నలిపి వేస్తే బాట వాసన అందులో కలిసిపోయి వరస చెదురుతుంది. మన పెరటి మందుల్లో చాలా వాటి కిటుకు ఈ రెండే. మామ్మకి రసాయనం సంగతి తెలియదు గాని చిక్కుడు మీద బూడిద తెల్లవారుజామునే పడాలని తెలుసు. అప్పుడు ఆకు మంచుకి తడిగా ఉంటుంది, బూడిద పట్టి నిలుస్తుంది. ఎండెక్కాక చల్లితే అంతా నేలపాలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పుదీనా పెట్టుకోండి, తులసి పెట్టుకోండి, బంతి పెట్టుకోండి, చీమలు ఇంటి ఛాయలకే రావు అని ఈమధ్య ఎక్కడ చూసినా రాస్తున్నారు. మా తులసి కోట మీద చీమలు నిక్షేపంగా తిరుగుతాయి. వాసన నూనె ఆకుల మీద సన్నటి గ్రంథుల్లో దాగి ఉంటుంది. అవి పగిలేదాకా బయటికి వచ్చేది చాలా కొద్ది. మొక్క నిలబడి ఉన్నంత మాత్రాన కంచె కాదు. నలపాలి, దంచాలి, కాచాలి, లేదా కాల్చి పొగ వెయ్యాలి. పాతవాళ్లెవరూ మొక్కని నాటి ఊరుకోలేదు. వాళ్ల రోలు, రోకలి, పొయ్యి తీసేసి మొక్క ఒక్కదాన్నే మనం చెప్పుకుంటే అది సగం కూడా కాదు.

ఆ రోట్లో ఎక్కువగా పడింది వస. మా పెరట్లో నూతి పక్కన, స్నానాల నీళ్లు పారే చోట గుబురుగా ఉండేది. ఆకులు కత్తుల్లా నిటారుగా, పచ్చగా. పీకితే మట్టిలోంచి వేలి లావున అడ్డంగా పాకిన కొమ్ము వస్తుంది. పైన గోధుమరంగు, విరిస్తే లోపల లేత గులాబీ తెలుపు, దగ్గర దగ్గరగా కణుపులు. ఆ వాసన ఒకసారి చేతికంటితే సబ్బుతో రుద్దినా పూటకి పోదు. మామ్మ దాన్ని నీడలో ఆరబెట్టి, పసుపుకొమ్ముతో కలిపి దంచి, జల్లెడ పట్టకుండానే నారుమడి చుట్టూ వేలెడు వెడల్పున పోసేది. చీమల బారు అక్కడిదాకా వచ్చి, ముందు చీమ ఆగి, మీసాలు ఊపి, పక్కకి తిరిగేది. వెనకవి ఒకదాన్నొకటి తోసుకుని గుంపుగా మూగి, కాసేపు తచ్చాడి, కొత్త దారి వెతుక్కునేవి. వాన పడితే మళ్లీ పొయ్యాల్సిందే. వసలో ఉండే అసరోన్ అనే పదార్థం పురుగులకి పడదు. మనిషికీ ఎక్కువైతే మంచిది కాదు, అమెరికాలో 1968లోనే దీన్ని ఆహారంలో కలపడం నిషేధించారు. పసిపిల్లలకి వస అరగదీసి నాకించే అలవాటు మన ఇళ్లల్లో ఇంకా ఉంది గనక ఇది చెప్పక తప్పదు. నారుమడి చుట్టూ వేసుకోండి, చంటిపిల్ల నోట్లో వద్దు.

వస పెరటికే పరిమితం కాలేదు. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో, తెలుగు నాయకరాజుల కాలం నుంచీ పోగైన తాళపత్రాల మధ్య పురుగు చేరకుండా పెట్టే పొడి మూటల్లో వస ఉంటుంది. దాంతోపాటు లవంగం, మిరియం, దాల్చిన చెక్క, నల్లజీలకర్ర, కర్పూరం. ఆకుల మీద నిమ్మగడ్డి నూనె రాస్తారు. దక్షిణాంధ్ర సాహిత్యం మన చేతికి రావడంలో ఈ పెరటి దుంపకీ కాస్త వంతుంది.

గ్రంథాల సంగతి వచ్చింది కాబట్టి కొంచెం వెనక్కి వెళ్దాం. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్ల వైద్యానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. జబ్బు చేసిన చెట్టుకి చెడిన భాగం చెక్కేసి, వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పూయమన్నాడు. ఆ తర్వాత నాలుగైదు వందల ఏళ్లకి సురపాలుడు రాసిన వృక్షాయుర్వేదం ఇంకా వివరంగా ఉంటుంది. పురుగు పట్టిన చెట్టుకి తెల్ల ఆవాలు, ఇంగువ, వాయువిడంగాలు, వస, మిరియాల పొగ వెయ్యాలంటుంది, నల్లజీడి పొడి వాడమంటుంది. ఈ పుస్తకం మనకి దొరికిన తీరు నాకు చాలా ఇష్టమైన కథ. వై.ఎల్. నెనె అనే మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త సికింద్రాబాదులో ఆసియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ పెట్టి, ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న రాతప్రతి నకలు తెప్పించారు. నళినీ సాధలే దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. 1996లో సికింద్రాబాదు నుంచే అది పుస్తకంగా వచ్చింది. ఆ జాబితా మొదటిసారి చదివినప్పుడు నాకు మామ్మ పోపులపెట్టె కళ్లముందు కదిలింది. ఆవాలు, మిరియాలు, ఇంగువ, వస. సంస్కృతం ముక్క రాని మనిషి దగ్గర అవన్నీ ఉన్నాయి. పుస్తకంలోంచి పెరట్లోకి వచ్చాయో, పెరట్లోంచే పుస్తకంలోకి ఎక్కాయో ఎవరు తేల్చగలరు? నా మట్టుకు నేను పెరటివైపే మొగ్గుతాను.

వేప గురించి వేరే చెప్పాలా? గాదెలో వేపాకు, వావిలాకు వెయ్యని ఇల్లు లేదు. గానుగాడాక మిగిలిన వేపచెక్క పొడి మొక్క మొదట్లో వేస్తే ఎరువుకి ఎరువు, పురుగుకి విరుగుడు. కానుగ చెక్కనీ అలాగే వాడేవారు. వేపలో ఏముందో శాస్త్రం తెలుసుకోవడం మాత్రం ఆలస్యంగా జరిగింది. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి నింబిన్ అనే చేదు పదార్థాన్ని వేరుచేశారు. 1962లో ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ బృందం వేపపప్పు నూరిన నీళ్లు పైరు మీద చల్లి, మిడతల దండు దాన్ని ముట్టకుండా పోవడం చూసింది. ఆ చేదులో అసలైన ఆజాడిరక్టిన్‌ని 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గన్ వేరుచేశారు. దాన్ని ప్రయోగశాలలో మొదటినుంచి తయారుచెయ్యడానికి కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్లు పట్టింది. 2007లో గాని పూర్తికాలేదు. మన వాకిట్లో చెట్టు ఏటా వేసవిలో ఊడ్చి పారేసేంత రాలుస్తుంది.

ఇక ఓడల్లో వచ్చినవి. మిరప, పొగాకు, బంతి అమెరికా ఖండపు మొక్కలు. సీతాఫలాన్ని కూడా చాలామంది వృక్షశాస్త్రజ్ఞులు ఆ జాబితాలోనే వేస్తారు. పోర్చుగీసులు పశ్చిమ తీరంలో దిగిన తర్వాతే ఇవి దక్కనులోకి నడిచాయి. 1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూరు నుంచి పొగాకు తీసుకెళ్లి అక్బరు దర్బారులో చూపిస్తే అక్కడందరూ ఆశ్చర్యపోయారు. అంటే ఢిల్లీ ఆగ్రాల కంటే మన దక్కనుకే అది ముందొచ్చింది. కాకతీయుల నాటి పెరట్లో పచ్చిమిరపకాయ లేదు. పొగాకు కషాయం లేదు. బంతిపూల బతుకమ్మ లేదు. అయినా మా మామ్మ నాటికి మిరపా వెల్లుల్లీ నూరిన నీళ్లు, పొగాకు కాడలు మరిగించిన కషాయం, సీతాఫలం గింజల పొడి అనాదిగా ఉన్న మందుల్లాగే చలామణీలో ఉన్నాయి. కొత్త మొక్క ఊరికొస్తే ముందు వంటింట్లో, తర్వాత పెరట్లో, ఆ తర్వాత గొడ్లసావిట్లో దాని సంగతేమిటో చూసేవారు. పనికొస్తే ఉంచుకున్నారు.

పొగాకు కషాయం విషయంలో నా భయం నాకుంది. అందులోని నికోటిన్ పేనుని నిమిషాల్లో పడగొడుతుంది, నిజమే. తడి చేతులతో పట్టుకున్న మనిషికీ చర్మంలోంచి ఎక్కుతుంది. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే చూపుకే ముప్పు. మొక్క నుంచి వచ్చిందంటే మెత్తనిదనుకోవడం పాతవాళ్లు చెయ్యలేదు. కషాయం కాచే కుండని మామ్మ వంటింటి గడప దాటి లోపలికి రానిచ్చేది కాదు, వాడాక దాన్ని పెంటమీద బోర్లించేది. బంతికి మాత్రం చీమలతో పెద్దగా పని లేదు. దాని గొప్ప వేళ్లలో ఉంది, మట్టిలోని నులిపురుగుల్ని అవి అదుపు చేస్తాయి. వంగ, టమాటా మడి పక్కన బంతి ఉండాలనడానికి అసలు కారణం అదే.

మా గోదావరి జిల్లాకి చీమల చరిత్రలో, మొక్కల చరిత్రలో ఇంకో చోటు కూడా ఉంది. లిన్నేయస్ శిష్యుడు జొహాన్ కోనిగ్ దక్షిణ భారతంలో చెదల జీవితాన్ని పరిశీలించి 1779లో వ్యాసం అచ్చువేశాడు. చీమలకీ చెదలకీ చుట్టరికం లేదు గాని ఐరోపావాళ్లు చెదల్ని కూడా చీమల్లోనే కలిపి పిలిచిన కాలమది. ఆ కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నది విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి మిరియాల తోట వేయించి, మన మొక్కలకి తెలుగువాళ్లు పిలిచే పేర్లని తన కోరమాండల్ గ్రంథంలోకి ఎక్కించిన వైద్యుడు ఆయనే. తర్వాత నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ యానాదుల దగ్గర మందుమొక్కల సంగతులు తెలుసుకున్నాడు, 1851లో దక్షిణ భారతపు చీమల జాబితా ప్రకటించాడు. ఇవాళ మన చీమల శాస్త్రీయ నామాల వెనక జెర్డాన్ పేరు కనిపించేది అందుకే. మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన ఫ్లెచర్ 1914లో దక్షిణ భారత కీటకాల మీద పెద్ద పుస్తకం వేశాడు. ఆ రోజుల్లో సర్కారు సలహాల్లో కిరసనాయిలు, సబ్బునీళ్లతోపాటు పొగాకు కషాయం కూడా ఉండేది. అప్పటిదాకా ప్రభుత్వపు మందూ పెరటి మందూ మరీ దూరం జరగలేదు.

దూరం చేసింది డబ్బాలో వచ్చిన పొడి. 1952లో కలకత్తా దగ్గర రిష్రాలో బీహెచ్‌సీ తయారీ మొదలైంది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఢిల్లీలో డీడీటీ కర్మాగారం వచ్చింది. బీహెచ్‌సీ పొడినే గమాక్సిన్ అనేవారు. నా చిన్నతనం నాటికి మా ఊళ్లో ఆ మాట అనని నోరు లేదు. చీమలకి గమాక్సిన్, నల్లులకి గమాక్సిన్, చిక్కుడు పేనుకీ గమాక్సిన్. పాత ధోవతి గుడ్డలో పొడి మూటకట్టి, కర్రకి వేలాడదీసి, పందిరి మీద దులుపుకుంటూ పోయేవారు. ముక్కుకి గుడ్డ కట్టుకునే అలవాటు లేదు. బూజు పట్టిన గోనెసంచి వాసన అది, మర్నాడు కోసిన కాయల్లోనూ ఉండేది. చీమలు మాత్రం ఆ పూటే బుట్టలకొద్దీ చచ్చాయి. వాటితోపాటు అక్షింతల పురుగులూ పోయాయి. కొన్నాళ్లకి పేను మళ్లీ వచ్చింది, ఈసారి దాన్ని తినేవాళ్లు లేరు.

1958లో కేరళలో ఓడలో తెచ్చిన పిండిలో పారాథియాన్ ఒలికి వందమందికి పైగా చనిపోయారు. ఆ ఘోరం తర్వాతే 1968లో కీటకనాశినుల చట్టం వచ్చింది. ఎండ్రిన్ అనే పురుగుమందు మన పల్లెల్లో ఎన్ని ఇళ్లు కూల్చిందో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. 1990లో దాన్ని నిషేధించారు. బీహెచ్‌సీ నిషేధం 1997 ఏప్రిల్ 1 నుంచి. దాని తమ్ముడు లిండేన్ వాడకం ఆగింది 2013లో. ఒక తరం స్త్రీలు వాటిని వట్టి చేతులతో చల్లారు.

పొడి వచ్చినందువల్లే పాత పద్ధతులు పోయాయని అనేవారున్నారు. నేనలా అనుకోను. పెరడు మారింది. కట్టెల పొయ్యి పోయింది. 1999లో దీపం పథకం కింద ఊరూరా ఆడవాళ్లకి గ్యాసు వచ్చినప్పుడు నేను సంతోషించాను, ఇప్పటికీ సంతోషమే. పొగకి కళ్లు మండే బాధ మా అమ్మకి ఎలా ఉండేదో నేను చూశాను. కాని పొయ్యితోపాటు బూడిద వెళ్లిపోయింది. గానుగ వెళ్లిపోయి చెక్క కరవైంది. ఇళ్ల మురుగు సిమెంటు కాలవల్లోకి మళ్లాక వసకి తడి నేల లేదు. వావిలి కంచె కొట్టేసి ప్రహరీ కట్టారు. వాకిట్లో బియ్యప్పిండి బదులు రాతిపొడి ముగ్గు వచ్చాక అక్కడ చీమకి తిండి లేదు. తిండి లేని చీమ లోపలికి రాక ఏం చేస్తుంది?

మళ్లీ వెనక్కి తిరిగిన కథ కూడా మనదే. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊళ్లో పత్తికి కొట్టిన మందులూ వాటి అప్పులూ మనుషుల్ని మింగుతుంటే, 1999లో కొందరు రైతులు స్వచ్ఛంద సంస్థ సాయంతో వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం వైపు వచ్చారు. 2003-04 నాటికి ఊరు ఊరంతా పురుగుమందు మానేసింది. గింజలు ఏరి, దంచి, కషాయం కాచి, దాన్నే ఉపాధి చేసుకున్న వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతి వేల ఊళ్లకి పాకింది. ఇవాళ ప్రకృతి సేద్యం పేరుతో చెబుతున్న నీమాస్త్రం, దశపర్ణి కషాయం ఇదే బాటలోవి.

అదే కాలంలో వేపకి ఇంకోచోట వ్యాజ్యం నడిచింది. వేపనూనెతో బూజు తెగుళ్లు అరికట్టే పద్ధతి తమదని అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ కలిసి 1994లో ఐరోపాలో పేటెంటు పొందాయి. వందనా శివ, ఐరోపా పార్లమెంటులోని గ్రీన్ సభ్యులు, సేంద్రియ వ్యవసాయ సంఘాల సమాఖ్య దాని మీద పోరాడారు. ఈ వాడకం భారతదేశంలో ముందునుంచీ ఉన్నదేనని సాక్ష్యం చూపించాక 2000లో పేటెంటు రద్దయింది. అప్పీలు కూడా 2005 మార్చి 8న వీగిపోయింది. ఆ కబురు పేపర్లో చదివిన రోజు క్లాసులో పాఠం పక్కనపెట్టి పిల్లలకి ఆ కథే చెప్పాను.

చీమని అసలు ఆపకూడని చోట్లు కూడా ఉన్నాయి. మామిడి, జీడి చెట్ల మీద ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమల్ని చూసే ఉంటారు. కోతకెక్కినవాడి ఒళ్లు మంటెత్తిస్తాయి, అయినా జీడిపూతని చెరిచే టీ దోమని పట్టి తినేవి ఇవే. చైనా దక్షిణ ప్రాంతంలో నారింజ జాతి తోటల వాళ్లు ఈ చీమల గూళ్లని సంచుల్లో పెట్టి బజారులో కొనుక్కుని చెట్లకి కట్టుకునేవారని క్రీ.శ. 304లో జీ హాన్ రాశాడు. ఈ చీమలు లేకపోతే పండంతా పురుగే అన్నాడు. పేనుని కాపాడే చీమ, పురుగుని తినే చీమ ఒకటి కావు. చిక్కుడు మీద బూడిద చల్లిన మామ్మే మామిడి మీది గూళ్ల జోలికి ఎవర్నీ వెళ్లనిచ్చేది కాదు.

నిరుడు కడియపులంక నర్సరీల్లో తిరుగుతుంటే, కవర్లలో మట్టి నింపుతున్న ఒకావిడ పక్కన గోనెసంచిలో వేపపిండి కనిపించింది.

“చీమలకేనా అమ్మా?” అన్నాను.

“ఆయ్, చీమకీ వేరుపురుక్కీ కూడానండి. చీమ పట్టిన మొక్క లారీ ఎక్కిస్తే అవతల దింపుకున్నోళ్లు ఊరుకోరు కదండీ. మట్టి కలిపేటప్పుడే దోసెడు పడాలండి, తర్వాత పైన జల్లితే లాభం లేదండి” అంది, చెయ్యి ఆపకుండా.

ఆ సంచి ఇప్పుడు హైదరాబాదు మిద్దెల మీదికీ ఎక్కింది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన మిద్దె మీద కూరగాయలు పండించి, మిద్దెతోట అన్న మాటని ఇంటింటి మాట చేశాక వేపపిండి, వేపనూనె నగరంలో కిలోలెక్కన అమ్ముడవుతున్నాయి. మిద్దె మీద కుండీ కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెడుతున్నవాళ్లని చూశాను. మా ఇంట్లో వంటల గూడు కాళ్లకి పెట్టిన రాతి గిన్నెల పనే అది. దోమ చేరకుండా ఆ నీళ్లు మార్చుకుంటూ ఉండాలి.

సులువుగా దొరకనిది వస ఒక్కటే. పచారీ కొట్టులో ఎండుకొమ్ము దొరుకుతుంది, అది మొలవదు. కడియంలో మందుమొక్కల వరసలో వెతికి ఒక కవరు తెచ్చుకున్నాను. ఇప్పుడు మా బట్టలుతికే బండ పక్కన గుబురైంది. అడిగినవాళ్లకి కొమ్ము విరిచి ఇస్తున్నాను. రెండు మూడు కణుపులున్న ముక్క చాలు. లోతుగా పాతొద్దు, వీపు మట్టి పైకి కనబడేలా అడ్డంగా పడుకోబెట్టండి. ఎండ పొద్దుటిపూట తగిలితే సరిపోతుంది గాని కాళ్లు మాత్రం ఎప్పుడూ తడిలో ఉండాలి. కుండీలో అయితే అడుగు చిల్లు మూసెయ్యండి. మొదటి ఏడు తవ్వకండి. రెండో ఏడు వానలు తగ్గాక ఒక పక్కనుంచి తవ్వుకుని, నీడనే ఎండబెట్టుకుంటే, చిక్కుడు పూతనాటికి పొడి చేతిలో ఉంటుంది.